మీటరు ఎరిగినది ఒక్కటే



హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో గాని, మరి ఏ పట్టణమందలి ఎలక్ట్రికల్ దుకాణములో గాని నేడు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్న డిజిటల్ మల్టీమీటరును చేతబట్టి, దాని నడుమనున్న డయలును ఒక్కొక్క మెట్టు చొప్పున త్రిప్పుచు, చుట్టును ముద్రించిన సంజ్ఞలను చదువబోయినవానికి, అరచేతిలో నిముడు ఈ పెట్టెలోనికి ఇన్ని సాధనములు ఎట్లు వచ్చి చేరినవా అను ఆశ్చర్యము కలుగక మానదు. వోల్టులకు ఒక వరుస, ఆంపియర్లకు ఒక వరుస, ఓములకు వేరొక వరుస. ఆ ఓముల వరుసలో మరల 200, 2 వేలు, 20 వేలు, 2 లక్షలు అను మెట్లు. చూపునకు పది పండ్రెండు యంత్రముల కూటమివలె నున్నను, యథార్థమునకు లోపలనున్న కొలత యంత్రము ఒక్కటియే. అది యెరిగిన విద్యయు ఒక్కటియే. రెండు బిందువుల నడుమ నున్న అత్యల్పమైన వోల్టేజిని, అనగా ఒక వోల్టులో అయిదవవంతునకు మించని దానిని, కొలిచి అంకెలలో చూపుట తప్ప దానికి వేరేమియు తెలియదు. ప్రవాహమనిన నేమో దానికి తెలియదు. నిరోధమనిన నేమో అసలే తెలియదు.

ఈ సంగతిని మొదటనే చెప్పుటకు కారణము కలదు. పాలిటెక్నికులలోను, ఐ.టి.ఐ.లలోను విద్యార్థులచేత కొన్ని సూత్రములను వల్లె వేయింతురు: ప్రవాహమును కొలువవలెనన్న మీటరును శ్రేణిలో కలుపవలెను; వోల్టేజికి సమాంతరముగా కలుపవలెను; నిరోధమును కొలుచునపుడు కరెంటు తీసివేయవలెను. పరీక్షనాటికి ఇవి కంఠస్థములై యుండును. పరీక్ష ముగిసిన మరునాడు ఏది దేనికో మరచిపోవుటయు పరిపాటియే. పెట్టె లోపల ఏమి జరుగుచున్నదో ఒక్కపర్యాయము ఊహకు తెచ్చుకొన్నవానికి ఈ సూత్రములన్నియు వానియంతట అవియే సిద్ధించునని, తెచ్చుకొననివాడు ఎన్నిమార్లు వల్లించినను వాని చేయి ఏదో ఒకనాడు ప్రోబును తప్పుచోట తాకింపక మానదని నా నమ్మకము. రేడియోలో పటము గీచి చూపుటకు వీలులేదు గనుక, శ్రోతలు మనసులోనే పటము గీచికొనుచు వినవలసినదిగా ప్రార్థన.

1820లో కోపెన్‌హాగెన్ నగరమున ఓర్‌స్టెడ్ అను ఆచార్యుడు, విద్యుత్తు ప్రవహించు తీగ చెంతనున్న దిక్సూచి ముల్లు ప్రక్కకు మరలుటను గమనించినది మొదలు, ఒకటిన్నర శతాబ్దము పాటు ప్రవాహమును కొలుచుట యనిన ముల్లు ఎంత కదలినదో చూచుటయే. 1923లో బ్రిటిష్ తపాలాశాఖకు చెందిన డొనాల్డ్ మెకాడీ అను ఇంజనీరు ఆంపియర్లను, వోల్టులను, ఓములను ఒకే పెట్టెలో కొలుచు 'ఏవో' మీటరును రూపొందించెను. నల్లని ఆ బరువు పెట్టె దశాబ్దముల తరబడి ప్రయోగశాలల బల్లలపై పెద్దరికము వహించినది. ఆ ముల్లు మీటరునకు సహజమైన విద్య ప్రవాహమును కొలుచుట. వోల్టేజిని సయితము అది లోపలి నిరోధము ద్వారా ప్రవాహముగా మార్చుకొనియే కొలిచెడిది. డిజిటల్ మీటరు వచ్చి ఈ సంబంధమును తలక్రిందులు చేసినది. దీనికి సహజమైనది వోల్టేజి. ప్రవాహమును, నిరోధమును వోల్టేజిగా మార్చి దాని యెదుట పెట్టిననే గాని ఇది వానిని గుర్తింపజాలదు.

1950ల దశకములో పుట్టిన తొలి డిజిటల్ వోల్టుమీటర్లు బల్లమీద నుంచి వాడదగిన పెద్ద యంత్రములు. ఆ విద్యను చేతిలోనికి దించినది 1977లో అమెరికాలోని ఇంటర్‌సిల్ కంపెనీ విడుదల చేసిన 7106 అను చిప్పు. నేటి చౌక మీటర్లలో పెక్కింటిలో దాని సంతతివారే నల్లని మైనపుబొట్టువంటి కప్పు క్రింద కూర్చుండి పనిచేయుచున్నారు. దాని పద్ధతి ముచ్చటైనది. ఎంత ధారయో తెలియని కొళాయి క్రింద ఒక కుండను సరిగా నియమితకాలము పట్టి, పిదప ఆ కుండకు తెలిసిన వేగముతో నీరు కారునట్టి రంధ్రమును తెరచి, ఖాళీయగుటకు పట్టిన కాలమును లెక్కించినచో ఆ ధార యెంతటిదో తేలును గదా. చిప్పు చేయునదియు అంతియే. కొలువవలసిన వోల్టేజితో ఒక కెపాసిటరును 1000 గడియార స్పందనముల కాలము నింపి, లోపల స్థిరముగా నున్న 100 మిల్లీవోల్టుల ప్రమాణ వోల్టేజితో దానిని ఖాళీచేయుచు, ఎన్ని స్పందనములు పట్టినవో లెక్కించి ఆ లెక్కనే తెరపై చూపును. లోపలికి వచ్చినదియు 100 మిల్లీవోల్టులే యైనచో ఖాళీయగుటకును 1000 స్పందనములే పట్టును, తెరపై 100.0 కనబడును. లెక్క 1999 వరకే సాగును గనుక దాని శక్తి 199.9 మిల్లీవోల్టులతో ముగియును. అంతకు మించినపుడు ఎడమవైపున 1 అను అంకెను మాత్రము నిలిపి తక్కినవి ఆర్పివేయును. కొన్ని మీటర్లు 'ఓ.ఎల్.' అని చూపును. ఇది జవాబు కాదు, 'నా వల్ల కాదు' అని చెప్పుట.

ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించునది ఈ పద్ధతి యొక్క సహనము. నింపునపుడును ఖాళీచేయునపుడును అదే కెపాసిటరు, అదే గడియారము పనిచేయుటచేత, ఆ కెపాసిటరు కొలత కొంచెము హెచ్చుతగ్గుగా నున్నను, గడియారము కొంచెము మందగించినను, ఆ దోషములు రెండువైపులను సమానమై పరస్పరము కొట్టివేయబడును. అంతియేగాక నింపు కాలమును 100 మిల్లీసెకన్లుగా ఏర్పరచినచో, మన దేశపు 50 హెర్ట్‌జుల కరెంటు ఆ వ్యవధిలో సరిగా అయిదు పూర్తి ఆవర్తనములు చేయును గనుక, గోడలలోని తీగలనుండి చొరబడు ఆ గుంయి మను ధ్వనివంటి అలజడి యొక్క హెచ్చులు తగ్గులతో పూర్తిగా చెల్లిపోవును. తక్కువ ఖరీదు వస్తువునందు ఇంత తెలివి దాగియుండుట సామాన్యము కాదు.

ఇక ప్రవాహము. వోల్టేజి మాత్రమే ఎరిగిన మీటరుచేత ప్రవాహమును చెప్పించుట ఎట్లు? ఆ ప్రవాహమును తెలిసిన నిరోధము గుండ నడిపించి, దాని రెండు కొనల మధ్య ఏర్పడిన వోల్టేజిని మీటరునకు చూపుటయే ఉపాయము. ఈ నిరోధమును షంటు అందురు. 200 మిల్లీ ఆంపియర్ల మెట్టున అది 1 ఓము. 200 మిల్లీ ఆంపియర్లు దానిగుండ పోయినచో సరిగా 200 మిల్లీవోల్టులు పుట్టును. 10 ఆంపియర్ల మెట్టున అది ఓములో నూరవవంతు మాత్రమే. పెట్టె విప్పి చూచినచో దూది ఒత్తివలె కాక, పెన్సిలు ములుకంత లావున వంచిన ఒక లోహపు తీగగా కనబడును. ప్రవాహమంతయు ఈ తీగగుండ పోవలసినదే గనుక, వలయమును ఒకచోట తెంచి, తెగిన రెండు కొనల నడుమ మీటరును నిలుపక తప్పదు. శ్రేణిలో కలుపుమను సూత్రమునకు అర్థమిదియే. తీగను తెంచుటకు మనసొప్పనివారు వలయములోని ఫ్యూజును ఊడదీసి, ఆ స్థానమున మీటరు ప్రోబులను తగిలించుట సులువైన మార్గము.

ఇప్పుడు ఆపదను కూడ ఊహింపుడు. ఆంపియర్ల రంధ్రములో ఎర్ర ప్రోబు నుంచినపుడు మీటరు ఒక కొలతపెట్టెగా నుండుట మాని, దాదాపు ఒక ముక్క తీగగా మారిపోయినది. ఆ స్థితిలో దానిని గోడమీది ప్లగ్గు రంధ్రములలో గ్రుచ్చి వోల్టేజి చూడబోయినవాడు ఫేజును న్యూట్రలును ఓములో నూరవవంతు తీగతో కలిపినవాడగుచున్నాడు. మిల్లీ ఆంపియర్ల రంధ్రమునకు సాధారణముగా లోపల ఫ్యూజు ఉండును. అది తెగి, మీటరు బ్రతుకును. చౌకరకపు మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రము ప్రక్కన ఇంగ్లీషులో 'అన్‌ఫ్యూజ్డ్' అని చిన్న అక్షరములతో వ్రాసియుండును. అనగా అడ్డు చెప్పు ఫ్యూజు ఏదియు లేదని. అట్టి మీటరు ఆ క్షణమున చేతిలోనే ప్రేలవచ్చును, ప్రోబు కొన కరగి ముఖమున చిందవచ్చును. డయలును వోల్టులకు త్రిప్పినంత మాత్రమున ప్రయోజనము లేదు. తీగ ఏ రంధ్రములో నున్నదో అదియే నిర్ణయము. అందువలన ప్రవాహమును కొలిచి ముగించినవెంటనే, డయలు సంగతి పిమ్మట చూచుకొన్నను, ఎర్ర ప్రోబును మొదట వోల్టుల రంధ్రమునకు మార్చుడు. ఇంటి కరెంటుతో పనిచేయువారు మీటరు ముఖమున 'క్యాట్ 3, 600 వోల్టులు' వంటి రక్షణ శ్రేణి ముద్రించియున్నదో లేదో చూచి కొనుట మంచిది. ముద్ర ఉన్నంతనే నమ్ముటయు మంచిది కాదు, అంగడిలో ముద్ర వేయుటకు పెద్ద ఖర్చు లేదు.

షంటు ఎంత చిన్నదైనను నిరోధము నిరోధమే. ఒకే ఒక 1.5 వోల్టుల బ్యాటరీ సెల్లు 7.5 ఓముల నిరోధమునకు 200 మిల్లీ ఆంపియర్లు ఇచ్చుచున్నదనుకొనుడు. నడుమ మీటరు చేరినపుడు 1 ఓము షంటు, ఫ్యూజు, ప్రోబు తీగలు కలిసి ఇంచుమించు 1.5 ఓములు అదనమగును. మొత్తము 9 ఓములై, ప్రవాహము 167 మిల్లీ ఆంపియర్లకు దిగును. మీటరు అబద్ధమాడలేదు, తన యెదుట జరుగుచున్న ప్రవాహమునే చెప్పినది, కాని తాను రాకముందు జరిగిన ప్రవాహమది కాదు. ఆరవవంతు మాయమైనది. ఇట్టి తక్కువ వోల్టేజి వలయములలో 10 ఆంపియర్ల మెట్టునే వాడి, తెరమీద అంకెల సూక్ష్మత కొంత పోయినను, వలయమును తక్కువగా కదిలించుట వివేకము. 230 వోల్టుల హీటరు దగ్గర ఈ చింత అనవసరము.

ప్రవాహపు కొలత అక్కరకు వచ్చు సందర్భమొకటి చెప్పెదను. రాత్రి నిలిపిన కారు తెల్లవారునప్పటికి స్టార్టు కాకపోయినచో, కొత్త బ్యాటరీ కొనుటకు ముందు, ఉన్న బ్యాటరీ నెగెటివు తీగను విప్పి, తీగకును బ్యాటరీ స్తంభమునకును నడుమ 10 ఆంపియర్ల మెట్టుననున్న మీటరును కలిపి చూడవలెను. తలుపులన్నియు మూసి, కారులోని కంప్యూటర్లు నిద్రించు వరకు కొంతసేపు ఆగిన తరువాత కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు మాత్రమే కనబడిన దోషము లేదు. అర ఆంపియరు కనబడినదా, 45 ఆంపియర్-గంటల బ్యాటరీ 90 గంటలలో పూర్తిగా హరించిపోవును. స్టార్టరు మూలుగుట అంతకు చాల ముందే మొదలగును. అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా ఊడదీయుచు, ఏది తీసినపుడు అంకె దిగునో ఆ దారినే దొంగను వెదకవలెను. ఈ పరీక్ష జరుగుచుండగా తాళము త్రిప్పి ఇంజను స్టార్టు చేయరాదు. స్టార్టరు లాగు నూరు ఆంపియర్లకు పై మాటను ఈ బక్క తీగ భరింపలేదు.

నిరోధమునకు వత్తము. దీనిని మొట్టమొదట శాస్త్రీయముగా నిర్ణయించిన జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలో కొలోన్ నగరమున ఒక ఉన్నత పాఠశాలలో గణిత, భౌతిక శాస్త్రోపాధ్యాయుడు. ఆయనకు పెద్ద అడ్డంకి వోల్టా సెల్లు. కొలత మధ్యలోనే దాని బలము సన్నగిలుచుండుటచేత, తీగ నిడివి మారుటవలన ముల్లు దిగినదో, సెల్లు నీరసించుటవలన దిగినదో తేల్చుకొనుట దుస్సాధ్యమయ్యెను. పోగెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై ఆయన సెల్లును విడిచి, 1821లో జీబెక్ కనుగొన్న ఉష్ణవిద్యుత్తును ఆశ్రయించి, బిస్మతు, రాగి అతుకులలో ఒకదానిని మరుగునీటిలోను, ఒకదానిని మంచులోను ఉంచెను. మరుగునీరును మంచును తమ ఉష్ణోగ్రతలను తప్పవు గనుక, దానినుండి పుట్టిన వోల్టేజియు నిలకడగా నుండెను. ఆ నిలకడ దొరికిన పిమ్మటనే, ప్రవాహము వోల్టేజితో అనులోమముగాను, నిరోధముతో విలోమముగాను మారునను నియమము బయటపడెను. 1827లో ఆయన గ్రంథము వెలువడినపుడు స్వదేశమున తగిన ఆదరణ లభింపలేదు. 1841లో లండను రాయల్ సొసైటీ కోప్లే పతకము నిచ్చిన పిదప గాని పేరు వెలుగులోనికి రాలేదు.

ఓమ్ పడిన ఆ చిక్కును మన చిన్న మీటరు వేరొక దారిన తప్పించుకొనుట గమనింపదగినది. దాని 9 వోల్టుల బ్యాటరీయు నానాటికి నీరసించునదే. అందుచేత అది నిలకడకై ప్రాకులాడదు. తెలిసిన ఒక నిరోధమును, మనము తగిలించిన తెలియని నిరోధమును వరుసగా కలిపి, రెండింటి గుండ ఒకే ప్రవాహమును నడిపించి, రెండింటిపై పుట్టిన వోల్టేజుల నిష్పత్తిని మాత్రము చూచును. ప్రవాహము తగ్గినచో రెండు వోల్టేజులును ఒకే పాళ్ళలో తగ్గును, నిష్పత్తి చెక్కుచెదరదు.

దీనినుండి తక్కిన జాగ్రత్తలన్నియు దొరలును. మీటరు తన స్వల్ప ప్రవాహమును తానే పంపుచున్నది గనుక, బయటి కరెంటు ఆ వలయములో ఉండరాదు. ఉన్నచో చూపు అంకె అర్థరహితము, మీటరునకు చేటు. పెద్ద కెపాసిటర్లున్నచోట కరెంటు తీసినంతమాత్రమున చాలదు, వానిని ఖాళీచేసి మరీ కొలువవలెను. బోర్డు మీద నున్న రెసిస్టరును ఊడదీయక కొలిచినచో, ప్రవాహము ఇరుగుపొరుగు దారులను కూడ పట్టును. కాబట్టి అంకె నిజమునకు సమానముగానో తక్కువగానో వచ్చునే గాని ఎక్కువ రాదు. పెద్ద నిరోధములను రెండు చేతుల వ్రేళ్ళతో ప్రోబులకు అదిమి పట్టుకొను అలవాటు చాలమందికి కలదు. అప్పుడు మన శరీరమే సమాంతరముగా చేరి, మెగోము రెసిస్టరు కొన్ని లక్షల ఓములుగా దిగజారి కనబడును. ఒక చేయి చాలును. చిన్న నిరోధములకు వేరొక బెడద: ప్రోబు తీగలకే కొన్ని పదియవ వంతుల ఓము ఉండును, ముందుగా రెండు ప్రోబులను ఒకదానితో నొకటి తాకించి, వచ్చిన అంకెను తరువాతి కొలతనుండి తీసివేయవలెను.

ఇస్త్రీపెట్టె ఉదాహరణమును తీసికొందము. 750 వాట్ల పెట్టెకు 230 వోల్టుల వర్గమును 750చే భాగించినచో 70.5 ఓములు రావలెను. ప్లగ్గు ఊడదీసి, డయలును 200 ఓముల మెట్టున నుంచి, రెండు పిన్నుల మధ్య కొలిచినచో ఇంచుమించు అంతియే వచ్చును. ఏమియు రాక ఎడమన 1 నిలిచినచో తీగ తెగియుండవచ్చును, ఎలిమెంటు కాలియుండవచ్చును. లేదా పెట్టె మీది థర్మోస్టాటు మీట ఆపు స్థానమున నుండవచ్చును, దీనిని చూడక పెట్టెను విప్పినవారెందరో. 70.5 అని కనబడినంతనే ఆ చివరి 5ను సత్యముగా నమ్మరాదు. మీటరుతో వచ్చిన కాగితమున ఖచ్చితత్వము 1 శాతము, 2 అంకెలు అని యున్నచో, 70.5లో 1 శాతము 0.7, చివరి స్థానమున 2 అనగా 0.2, కలిపి 0.9, అసలు విలువ 69.6కును 71.4కును నడుమ ఎక్కడనైనను ఉండవచ్చును. ముల్లు మీటరు వణకుచు తన సందేహమును పైకి చూపెడిది. డిజిటల్ తెర సందేహమును దాచును. నాకు ఈ నూతన సాధనముపై గల ప్రధాన ఆక్షేపణ ఇదియే.

అదే లెక్కను 100 వాట్ల పాతరకపు ఫిలమెంటు బల్బుకు వేసి చూచినవాడు మాత్రము తన మీటరు చెడినదనుకొనును. లెక్క ప్రకారము 529 ఓములు. మీటరు చూపునది 40 ఓముల దరిదాపు. దోషము మీటరుది కాదు, ఓమ్ నియమముదియు కాదు. టంగ్‌స్టను తీగ చల్లగా నున్నపుడు నిరోధము స్వల్పము. వెలుగుచు రెండువేల డిగ్రీలు దాటిన వేడిలో అది పన్నెండు పదమూడు రెట్లు పెరుగును. 529 వెలుగుచున్న తీగకు చెందిన సంఖ్య, 40 నిద్రించుచున్న తీగకు చెందినది. స్విచ్చి వేసిన తొలిక్షణమున అయిదు ఆంపియర్లకు పైబడిన ప్రవాహము తీగగుండ దూసికొనిపోయి, వెనువెంటనే అర ఆంపియరునకు లోబడును. పాత బల్బులు తరచుగా స్విచ్చి వేసినపుడే మాడిపోవుటకు ఇదియే హేతువు. ఇస్త్రీపెట్టెలోని నైక్రోము తీగ వేడికి ఇంతగా మారదు. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బుల పిన్నుల మధ్య ఓములు చూచుట వ్యర్థము. లోపల నున్నది తీగ కాదు, డయోడ్లు, కెపాసిటరు మొదలైన సరంజామా.

ఇక ఈ కొలతలన్నియు ఆనుకొను ప్రమాణముల మాట. ఆంపియరనిన నెంత యను నిర్ణయమును 2019 మే 20 నుండి ఎలక్ట్రానుపై నున్న ఆవేశమునకు స్థిరమైన విలువ నిచ్చి దానిపై ఆధారపరచిరి. ఓమునకు ఆధారము 1980లో క్లాస్ ఫాన్ క్లిట్జింగ్ కనుగొన్న క్వాంటం హాల్ ఫలితము; ఏ దేశపు ప్రయోగశాలలో చేసినను అది ఇచ్చు నిరోధము సుమారు 25,812.8 ఓములే. మన దేశమున ఈ ప్రమాణములను కాపాడు బాధ్యత ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీది.

ఇక ప్రయోగశాలను విడిచి పొలమునకు వత్తము. మన పల్లెలలో కొలతకు మిక్కిలి అవసరము బావుల దగ్గరి మోటార్లకు. 5 హార్స్‌పవరు త్రీఫేజు మోటారు 415 వోల్టుల వద్ద సుమారు 7 నుండి 8 ఆంపియర్లు లాగును. ఇచ్చట తీగను తెంచి మీటరు నిలుపుట ప్రమాదము, చౌక మీటర్లలో ఏసీ ఆంపియర్ల మెట్టే యుండదు. ఎలక్ట్రీషియన్లు వాడునది టాంగ్ టెస్టరు: దాని దవడలను విప్పి తీగ చుట్టును మూసినచో, తీగ చుట్టును గల అయస్కాంత క్షేత్రమునుబట్టి ప్రవాహమును చెప్పును. మూడు తీగలను కలిపి దవడలలో పట్టినవారికి సున్న కనబడును, మూడు ప్రవాహములును ఒకదాని నొకటి చెల్లించుకొనును గనుక. ఒక్కొక్క తీగను విడివిడిగా పట్టవలెను. ఒక ఫేజు పోయినపుడు దానిలో సున్నయు, తక్కిన రెండింటిలో పరిమితికి మించిన ఆంపియర్లును కనబడును. స్టార్టరులోని ఓవర్‌లోడు రిలే సరిగా పనిచేయనిచో ఆ స్థితిలో మోటారు కాలిపోవుట ఎంతసేపో పట్టదు.

అట్లు కాలినదను అనుమానము కలిగిన మోటారును మల్టీమీటరుతో పరీక్షించుటలో ఒక హద్దు కలదు. మూడు వైండింగుల నిరోధములు ఒకదానితోనొకటి సమానముగా నున్నవో లేవో అది చెప్పగలదు. వైండింగునకును మోటారు శరీరమునకును నడుమ ఇన్సులేషను మంచిదో కాదో చెప్పలేదు. ఏలయన నిరోధమును కొలుచునపుడు అది ప్రయోగించునది ఒకటి రెండు వోల్టులు మాత్రమే, తడిసి బలహీనమైన ఇన్సులేషను అంత స్వల్పమునకు లొంగక, 415 వోల్టులకు మాత్రమే దారి యిచ్చును. ఆ పని మెగ్గరు అను ఇన్సులేషను పరీక్షా సాధనముది. అది 500 వోల్టులు ప్రయోగించి చూచును. 1 మెగోమునకు తక్కువ వచ్చినచో మోటారును ఆరబెట్టి మరల కొలుతురు, అప్పటికిని పెరుగనిచో వైండింగు షాపునకు పంపుదురు.